బండి ఆపితే గొడవ ఆగుతుందా?

రాత్రిపూట రోడ్డు పక్కన తిండి అమ్మే బండి గురించి మన ఇళ్లలో రెండు మాటలు వినిపిస్తుంటాయి. "ఆ బండి వచ్చిన దగ్గర్నుంచీ మాకు నిద్ర లేదండీ" అనేది ఒకటి. "ఆ బండి లేకపోతే ఆ వేళప్పుడు నాకు తిండే లేదండీ" అనేది రెండోది. చిత్రమేమిటంటే ఈ రెండూ ఎక్కువగా ఆడవాళ్ల నోటే వింటాం. మూడో మాట ఇంకొకటుంది. అది మన దాకా రాదు. "ఈ బండి లేకపోతే మా పిల్లల ఫీజు కట్టలేనమ్మా" అని బండి వెనకాల నిలబడి అట్లు పోసే ఆవిడ అనే మాట.

ముగ్గురిలో ఎవరిది అబద్ధం? ఎవరిదీ కాదు. చిక్కంతా అక్కడే ఉంది.

ముందు నిద్ర లేని ఆవిడ సంగతి చూద్దాం. ఆవిణ్ణి చాదస్తం మనిషనీ, పేదవాళ్ల పొట్ట కొట్టే మనిషనీ తేలిగ్గా కొట్టిపారేస్తారు. ఆవిడ ఇంటి కిటికీ కింద తొమ్మిదింటికి రెండు ఫ్రైడ్ రైస్ బండ్లు, ఒక ఎగ్ బజ్జీ బండి వస్తాయి. నాలుగు ఇళ్ల అవతల మద్యం దుకాణం. పదకొండింటికి దాని షట్టరు పడగానే అక్కడున్న జనమంతా ఇటు నడుస్తారు. బైకులు గేటుకి అడ్డంగా పెడతారు. గరిట చప్పుడుకి అలవాటు పడొచ్చు, బూతులకి ఎలా అలవాటు పడతాం? పక్క గోడ మూత్రశాల అవుతుంది. పొద్దున లేచి వాకిలి ఊడ్చేటప్పుడు చీపురుకి తగిలేది పేపరు ప్లేట్లు, కోడి ఎముకలు, ప్లాస్టిక్ గ్లాసులు. ఇంటర్ చదివే కూతురు ట్యూషన్ నుంచి వచ్చేటప్పుడు తల్లి వీధి చివరిదాకా ఎదురెళ్లాలి. ఇంట్లో మగవాళ్లు "సర్దుకుపోవాలి" అంటారు. సర్దుకుపోవడం, ఎప్పట్లాగే, ఆవిడ వంతుకే వస్తుంది.

ఇక రెండో ఆవిడ. ఆస్పత్రిలో నర్సు కావచ్చు, మాదాపూర్‌లో రెండో షిఫ్టు దిగిన అమ్మాయి కావచ్చు, అమీర్‌పేట హాస్టల్లో ఉండి కోచింగు తీసుకుంటున్న పిల్ల కావచ్చు. హాస్టల్లో తొమ్మిదింటికి గిన్నెలు కడిగేస్తారు. వీళ్లకంటే దిక్కులేని వాళ్లు పెద్దాసుపత్రుల బయట ఉంటారు. గాంధీకో, ఉస్మానియాకో, విశాఖ కేజీహెచ్‌కో జిల్లాల నుంచి రోగిని తెచ్చుకుని, రాత్రి ఎప్పుడో లోపల అడ్మిట్ చేయించి, బయట మెట్ల మీద కూలబడే తల్లులు, అక్కచెల్లెళ్లు. పన్నెండింటికి వాళ్లకి కావలసింది రెండు ఇడ్లీ, ఒక గ్లాసు టీ. చిన్న ఊళ్లలో అయితే ఆర్టీసీ బస్టాండు ఎదురుగా వెలిగే ఒక్క బల్బు, పొయ్యి మీద పొగలు కక్కే పాలగిన్నె. చంటిపిల్లతో అర్ధరాత్రి బస్సు దిగిన ఆడమనిషి ముందు ఆ వెలుతురు దగ్గరికే వెళ్లి నిలబడుతుంది. తిండికోసం కాకపోయినా సరే. చీకట్లో మూసి ఉన్న షట్టర్ల మధ్య నిలబడటం కంటే, పునుగులు వేస్తున్న ఓ ముసలావిడ పక్కన నిలబడటం ధైర్యం. ఈ సంగతి ఆడవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

అంటే ఒకే బండి ఒకావిడకి భయం, ఇంకొకావిడకి ధైర్యం. దీన్ని ప్రభుత్వాలు ఎలా తేలుస్తున్నాయో చూడండి.

తెలంగాణలో 2023 ఏప్రిల్‌లో దుకాణాలు, సంస్థలు ఇరవై నాలుగు గంటలూ తెరుచుకోవచ్చని జీవో వచ్చింది. ఏడాదికి పది వేల రూపాయల ఫీజు, రాత్రి పనిచేసే ఆడవాళ్ల దగ్గర సమ్మతి పత్రం, రాకపోకలకి వాహనం లాంటి షరతులు పెట్టారు. అడిగిన అందరికీ అనుమతి దానంతటదే వచ్చినట్టు కాదని తర్వాత వివరణ కూడా ఇచ్చారు. ఏడాది తిరిగింది. 2024 జూన్‌లో హైదరాబాదు పోలీసులు పదిన్నర, పదకొండుకల్లా అన్నీ మూయించడం మొదలుపెట్టారు. మైకులో హెచ్చరిస్తూ తిరుగుతున్న పోలీసు వాహనం వీడియో ఊరంతా తిరిగింది. నేరాలు పెరుగుతున్నాయి కాబట్టి మూయాలని ఒకరు, రాత్రి బతుకుతెరువు పోతోందని ఒకరు. ఆగస్టులో శాసనసభలో ఈ గొడవ వచ్చింది. మద్యం దుకాణాలు తప్ప మిగతావి రాత్రి ఒంటిగంట దాకా ఉండొచ్చని ముఖ్యమంత్రి ప్రకటించారు.

ఇరవై నాలుగు గంటలు, తర్వాత పదిన్నర, తర్వాత ఒంటిగంట. పదహారు నెలల్లో మూడు మాటలు. ఊరంతటికీ ఒకే మాట. చార్మినార్ దగ్గర రంజాన్ రాత్రికీ, ఇరుకు సందులో నాలుగు అపార్ట్‌మెంట్ల మధ్య ఉండే మూలకీ ఒకే గడియారం ఎలా సరిపోతుంది? మన పిల్లలందరికీ ఒకే కొలతతో లంగా కుట్టిస్తామా? సరే, సమయం ఎంతైనా పెట్టనివ్వండి. ఆ వీధిలో ఉండే వాళ్లని ఒక్కరినైనా అడిగారా అన్నది అసలు ప్రశ్న.

ఇంకో తమాషా ఉంది. 2025లో ఆంధ్రప్రదేశ్ కూడా ఆడవాళ్లు సమ్మతిస్తే రాత్రి షిఫ్టుల్లో పనిచెయ్యొచ్చని చట్టం సవరించే పని చేపట్టింది. మంచిదే. పనిని రాత్రికి తెచ్చారు. మరి రాత్రికి అన్నం ఎక్కడ తినాలి? అదే 2025 సెప్టెంబరులో విశాఖలో పాత జైలు రోడ్డు నైట్ ఫుడ్ కోర్టు దుకాణాలని కార్పొరేషన్ తొలగించింది. ఊరు అలవాటు పడ్డ చోటు అది. అక్కడ నియమాలు తప్పిన వాళ్లు ఉండొచ్చు, ట్రాఫిక్ బాధ నిజం కావచ్చు. అయినా, ఒక చేత్తో రాత్రి పనికి రమ్మని పిలిచి, రెండో చేత్తో పొయ్యి ఆర్పేస్తుంటే ఆ పిలుపుని ఏమనుకోవాలి?

సీమ దాటి చూస్తే బ్రిటన్‌లో దీనికి రెండు దశాబ్దాల కిందటే ఒక పద్ధతి కుదుర్చుకున్నారు. అక్కడంతా సవ్యంగా ఉందని కాదు. శనివారం రాత్రి పబ్బులు మూసే వేళకి అక్కడి టేక్‌అవే దుకాణాల ముందు జరిగే తన్నులాటలు చదువుకోడానికి వెళ్లి, ఆ దుకాణాల్లోనే గంటల లెక్కన పనిచేసే మన పిల్లలని అడిగితే చెబుతారు. అయితే గొడవని తెమిల్చే తీరు తెలుసుకోదగ్గది. ఇంగ్లండు, వేల్స్‌లకి 2003లో లైసెన్సింగ్ చట్టం చేశారు. 2005 నవంబరు నుంచి అమలు. రాత్రి పదకొండు నుంచి తెల్లవారి అయిదు లోపల వేడి తిండి గానీ, వేడి పానీయం గానీ జనానికి అమ్మాలంటే స్థానిక కౌన్సిల్ లైసెన్సు తీసుకోవాలి. వేడిదానికే సుమా! చల్లటి శాండ్‌విచ్ అమ్ముకుంటే ఈ లైసెన్సుతో పనిలేదు. వేడివేడిగా ఏదైనా దొరికేచోటే జనం పోగవుతారని వాళ్ల లెక్క కాబోలు. మన మిర్చి బజ్జీ బండి దగ్గర నిలబడ్డ ఎవరికైనా ఆ లెక్క అర్థమవుతుంది.

దరఖాస్తు పెట్టినవాడు దుకాణం ముందు లేత నీలం కాగితం మీద నోటీసు అంటించి 28 రోజులు ఉంచాలి. స్థానిక పత్రికలో ప్రకటన ఇవ్వాలి. ఆ లోపల పక్కింటివాళ్లు, ఎదురింటివాళ్లు, ఎవరైనా అభ్యంతరం రాసి పంపొచ్చు. అభ్యంతరాలు వస్తే కౌన్సిలర్ల ఉపసంఘం ఇద్దరినీ కూర్చోబెట్టి వింటుంది. వాళ్లు చూసేది నాలుగే విషయాలు. నేరాలు, అల్లర్లు జరక్కుండా ఉండటం, జనం భద్రత, చుట్టుపక్కల వాళ్లకి ఇబ్బంది లేకపోవడం, పిల్లలకి హాని కలగకపోవడం. "నాకు ఆ దుకాణం వాడు నచ్చడు", "మా దుకాణానికి బేరం తగ్గుతుంది" అంటే చెల్లదు. లైసెన్సు ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు, గంటలు తగ్గించి ఇవ్వొచ్చు. కెమెరా పెట్టాలనో, మూసేముందు వీధిలో చెత్త ఏరాలనో, వారాంతంలో కాపలా మనిషిని పెట్టాలనో షరతు పెట్టొచ్చు. లైసెన్సు ఇచ్చాక గొడవలు మొదలైతే పక్కింటావిడే మళ్లీ విచారణ అడగొచ్చు. దుకాణంవాడికి నచ్చకపోతే కోర్టుకి వెళ్లొచ్చు. గొడవ మరీ ముదిరితే 2014 నాటి ఇంకో చట్టం కింద ఆ ఒక్క దుకాణాన్ని ముందు 48 గంటల దాకా, తర్వాత కోర్టు ఉత్తర్వుతో మూడు నెలల దాకా మూయించవచ్చు.

ఆ ఒక్క దుకాణాన్ని. ఊళ్లో ఉన్న పొయ్యిలన్నీ ఆర్పరు.

"వాళ్లకి చట్టాలున్నాయి, మనకేవీ" అని నిట్టూర్చకండి. మనకీ ఉంది. 2014లో పార్లమెంటు వీధి వ్యాపారుల చట్టం చేసింది. రోడ్డు మీద అమ్ముకోవడం కూడా పౌరుడి హక్కేనని, తగిన ఆంక్షలకి లోబడి ఉండాలని సుప్రీంకోర్టు అంతకు పాతికేళ్ల ముందే, 1989లో సోదన్ సింగ్ కేసులో చెప్పింది. ఈ చట్టం ప్రకారం ప్రతి పట్టణంలో వీధి వ్యాపారుల సర్వే జరగాలి. అర్హులకి ధ్రువపత్రం ఇవ్వాలి. సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఆ తర్వాత చేయించాల్సి వచ్చినా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సరుకు పట్టుకుపోతే జాబితా రాసివ్వాలి, పాడైపోయే సరుకైతే అడిగిన రోజే తిరిగివ్వాలి. అటువైపు బాధ్యతలూ ఉన్నాయి. అమ్మే చోటు శుభ్రంగా ఉంచాలి. ఒకే చోటుని వేళలవారీగా పంచుకోవచ్చు, తన వేళ అయిపోగానే సామాను తీసేయాలి. పగలు నగల కొట్లు, రాత్రి తిండి దుకాణాలుగా మారే ఇండోర్ సరాఫా బజారు గురించి విని ఉంటారు. ఒకే నేల మీద రెండు బతుకుతెరువులు కుదరడం అసాధ్యమేమీ కాదు.

ఇవన్నీ తేల్చడానికి పట్టణ వెండింగ్ కమిటీ ఉండాలి. మునిసిపల్ కమిషనర్ అధ్యక్షుడు. సభ్యుల్లో నలభై శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారులే, వాళ్లలో వాళ్లే ఓటేసి ఎన్నుకున్నవాళ్లు ఉండాలి. వారిలో మూడోవంతు ఆడవాళ్లు. పోలీసులు, ట్రాఫిక్‌వాళ్లు, స్వచ్ఛంద సంస్థలు, కాలనీ సంక్షేమ సంఘాలవాళ్లు కూడా ఉంటారు. ఒకసారి ఆలోచించండి. నిద్ర లేని ఆవిడకీ, అట్లు పోసే ఆవిడకీ ఒకే బల్ల దగ్గర కుర్చీలు వేసిన చట్టం ఇది. ఆ బల్ల ఎక్కడుందో ఇద్దరికీ తెలియదు. చాలా ఊళ్లలో ఆ కమిటీ సమావేశం కావడమే అరుదు, అయినా ఆ కబురు వీధిలోకి రాదు.

కాగితం లేనిచోట ఏముంటుందో తెలుసుగా? మామూలు. ధ్రువపత్రం లేని ఆవిడ రోజూ ఎవరో ఒకరి చేతిలో ఎంతో కొంత పెట్టాలి. పెట్టినన్నాళ్లూ ఎన్నింటిదాకా ఉన్నా అడగరు, వీధికి ఎంత ఇబ్బందైనా పట్టించుకోరు. పెట్టని రోజు తొమ్మిదింటికే సిలిండరు లాక్కుపోతారు. పైనున్న ఆవిడ వందకి ఫోన్ చేస్తే జీపు వస్తుంది, రెండు రోజులు నిశ్శబ్దం, మూడోరోజు మళ్లీ మామూలే. రెండర్థాల్లోనూ! పోలీసులకి అప్పగిస్తే ఇది గడియారం చూసి లాఠీ ఊపే పనిగానే మిగిలిపోతుంది. లైసెన్సు అనేది మునిసిపాలిటీ చెయ్యాల్సిన పని. ఫలానా చోట, ఫలానా వేళ దాకా, ఈ షరతుల మీద అని ముందే రాసిపెట్టి, ఆ కాగితం అందరికీ కనపడేలా వేలాడదీయడం.

తిండి శుభ్రత మాట కూడా ఇందులోదే. 2024 అక్టోబరులో హైదరాబాదులో రోడ్డు పక్క మోమోలు తిని ఒక మహిళ చనిపోయింది, ఎంతోమంది ఆస్పత్రి పాలయ్యారు. అమ్మినవాళ్లకి ఆహార భద్రతా సంస్థ అనుమతి లేదని అప్పుడు బయటపడింది. ఆ నెలాఖరుకి పచ్చి గుడ్డుతో చేసే మయొనీజ్‌ని తెలంగాణ ప్రభుత్వం ఏడాది పాటు నిషేధించింది. చిన్న వ్యాపారులకి ఆ సంస్థ దగ్గర లైసెన్సు కూడా అక్కర్లేదు, నమోదు చేయించుకుంటే చాలు. అంతమాత్రం పని ఒక ప్రాణం పోయేదాకా ఎవరికీ గుర్తు రాలేదు. బండి ఉందో లేదో పుస్తకంలోనే లేనప్పుడు నూనె ఎన్నిసార్లు కాచారో ఎవరు చూస్తారు?

ఇంతకీ పైనున్న ఆవిడ నిద్ర చెడగొట్టింది ఫ్రైడ్ రైసా? ఈ మాట నిక్కచ్చిగా అడగాలి. పదకొండు తర్వాత బూతులు తిట్టేది, గోడ తడిపేది, ఆడపిల్లల వెంటపడేది ఎవరు? ఇడ్లీ తినేవాడా? తాగినవాడు తినడానికి వచ్చేచోట గొడవ జరుగుతుంది. బండిని తోసేస్తే వాడు ఇంకో బండి దగ్గరికి పోతాడు, లేదా ఖాళీ రోడ్డు మీదే ఉంటాడు. మద్యం దుకాణాల మీద ఆదాయం ప్రభుత్వానిది, వాటి ముందు పోగయ్యే జనం మీద నింద బండి ఆవిడది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించినప్పుడు వాళ్ల గురి సరిగ్గా ఉంది. గొడవకి మూలం ఎక్కడుందో వాళ్లు చూశారు. పక్కన పకోడీలు అమ్మే వాళ్ల మీదకి పోలేదు. కాబట్టి రాత్రి తిండికి చోట్లు గుర్తించేటప్పుడు మొదటి షరతు అదే కావాలని మా అభిప్రాయం. మద్యం దుకాణానికి దూరంగా, ఆస్పత్రులకీ, బస్టాండ్లకీ, హాస్టళ్లకీ దగ్గరగా. మరుగుదొడ్డి ఉన్న చోట, వీధి దీపం వెలిగే చోట. ఇళ్ల మధ్యనైతే పదింటికి చాలు, బస్టాండు ఎదురుగా అయితే తెల్లార్లూ ఉండనివ్వండి.

మైకులు, పాటల పెట్టెల విషయంలో కొత్త నియమం రాయక్కర్లేదు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు కూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలే చెబుతున్నాయి. మురుగు, దుర్గంధం లాంటి ఇబ్బందుల మీద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లే హక్కు పాత సీఆర్‌పీసీలో ఉండేది, 2024 జూలై నుంచి వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలోనూ ఉంది. మధ్యప్రదేశ్‌లో రత్లాం ఊరి జనం ఆ దారినే వెళ్లారు. డబ్బులేదని మునిసిపాలిటీ తప్పించుకోవడం కుదరదని 1980లో సుప్రీంకోర్టు చేత అనిపించారు. ఒక వీధివాళ్లు సంతకాలు పెట్టి మొదలుపెట్టిన వ్యవహారమే అది.

ఆడవాళ్ల మాట వినేవాళ్లు లేరనడానికీ ఇప్పుడు వీల్లేదు. 2020 గ్రేటర్ హైదరాబాదు ఎన్నికల్లో 150 డివిజన్లలో సగం మహిళలకే రిజర్వు అయ్యాయి. ఆంధ్రలోనూ పురపాలక ఎన్నికల్లో సగం సీట్లు ఆడవాళ్లవే. సంతకం పెట్టేది ఆవిడ, మాట్లాడేది ఆయన అయినచోట్ల నేరుగా ఆవిణ్ణే అడగండి. ఇంటి ముందు నీళ్లు, చెత్త, రాత్రి గొడవ, ఇవి ఆయన కంటే ఆవిడకే బాగా తెలుసు.

ఇది చదువుతున్న వాళ్లలో పైఅంతస్తు ఆవిడ ఉండొచ్చు, నైటు డ్యూటీ నర్సు ఉండొచ్చు, సాయంత్రం బండి తీయబోతూ పిండి రుబ్బుకుంటున్న ఆవిడా ఉండొచ్చు. మీ మునిసిపాలిటీ ఆఫీసులో మూడు సంగతులు అడిగి చూడండి. మన ఊళ్లో వీధి వ్యాపారుల సర్వే చివరిసారి ఎప్పుడు జరిగింది, వెండింగ్ కమిటీలో ఆడవాళ్లు ఎవరెవరు, కిందటి సమావేశం ఏ తారీఖున జరిగింది. నోటిమాటగా చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలతో కాగితం పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. వచ్చిన జవాబు, రాకపోతే రాలేదన్న సంగతి, మాకు రాసి పంపండి. ఊరి పేరుతో ఈ పేజీలోనే వేస్తాం.